‘మాచో’ అనే పాత్ర: పుస్తకం నుంచి ఆస్పత్రి దాకా

రోగం ప్రబలినప్పుడు దాని మూలాన్ని జనం స్వభావంలో వెతకడం పాలకులకు తేలిక. మందులు లేవంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. స్వభావానికి జవాబుదారీ ఎవరూ ఉండరు. ఆ ‘స్వభావాన్ని’ తయారుచేసి ఇవ్వడంలో రచయితల పాలు ఎంత? మెక్సికో చరిత్రలో ఈ ప్రశ్నకు జవాబుందని నా అభిప్రాయం.

మెక్సికో మగవాడనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది ‘మాచో’. తాగుతాడు, ఆడదాన్ని అణుస్తాడు, చావుకు వెరవడు. ఇది అనాదిగా వస్తున్న జాతి లక్షణమని చాలామంది నమ్మకం. కాని 1930లకు ముందటి అక్కడి జానపద గేయాల్లో శౌర్యం ఉందే గాని ‘మాచో’ అన్న మాట లేదని జానపద పరిశోధకుడు అమెరికో పరేదెస్ 1967లో చూపాడు.

ఆ మూర్తిని చెక్కినవారిలో మేధావులే ముఖ్యులు. పట్నంలోని నిరుపేద మగవాడి డాంబికానికి ఆత్మన్యూనతే మూలమని 1934లో తత్వవేత్త సామ్యుయెల్ రామోస్ రాశాడు. 1950లో ఒక్తావియో పాస్ దాన్ని జాతి మనస్తత్వం స్థాయికి తీసుకుపోయాడు. పాస్ మహాకవి, సందేహం లేదు. అయినా వర్గం, భూమి, కూలి ప్రసక్తి లేని జాతి మనస్తత్వం అర్ధసత్యమే.

అమెరికన్ మానవశాస్త్రవేత్త మాథ్యూ గట్‌మన్ 1990ల తొలినాళ్లలో మెక్సికో నగరంలోని శాంతో డొమింగోలో నివసించాడు. 1971లో పేదలు ఆక్రమించి నిర్మించుకున్న బస్తీ అది. చంటిపిల్లల్ని ఎత్తుకు తిరిగే తండ్రులూ, భార్యల్ని కొట్టే మగవాళ్లూ ఇద్దరూ అక్కడ ఉన్నారు. అందరికీ సరిపోయే ఒక్క అచ్చు మాత్రం లేదని 1996లో వెలువడిన తన గ్రంథంలో నిరూపించాడు.

2007 నాటి అతని మరో గ్రంథం వహాకా రాష్ట్రంలోని ఎయిడ్స్ గురించి. మగవాడి కోరిక అదుపులేనిదన్న నమ్మకం అక్కడి వైద్యవ్యవస్థలోనే పాతుకుపోయి ఉంది. గట్‌మన్ చూపు కూలి మీద పడింది. బతుకుతెరువుకు అమెరికా వెళ్లి, ఇంటికి దూరంగా ఒంటరిగా బతికి, రోగంతో తిరిగొచ్చిన పేదలు వాళ్లు. భార్య ఇన్నాళ్లు పడిన బాధ చాలని తామే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు వచ్చిన మగవాళ్లూ ఆ పుస్తకంలో కనిపిస్తారు.

ఇంత చెప్పినా పురుషాధిక్యం కల్ల కాదు. దెబ్బలు తిన్న స్త్రీకి అది నిత్యసత్యం. దాన్ని నిలదీయాలంటే అది ఏ పరిస్థితుల్లో పెరుగుతుందో, ఎక్కడ సడలుతుందో చూపాలి. ‘మగాడింతే’ అని రాసే కథకుడు పోరాడే స్త్రీకీ సాయపడడు, మారజూసే పురుషుడికీ సాయపడడు. సాయం అందేది మందులివ్వని ప్రభుత్వానికే. పాత్రచిత్రణ చర్చించేటప్పుడు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలని యువరచయితలకు నా మనవి.