విశాఖ తీరమున ఆంగ్ల అపరాధ పరిశోధక నవల

1886లో మంతిన ఆదినారాయణమూర్తి విశాఖపట్టణమున సరస్వతీ నిలయమును నెలకొల్పెను. ఆంధ్రదేశమున గ్రంథాలయ చరిత్రను చెప్పువారు అచ్చటనుండియే ఆరంభించుట పరిపాటి. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో ఆర్థర్ కానన్ డాయల్ రచించిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవల వెలువడెను. ఆనాడు ఈ రెంటికిని సంబంధము లేదు. కొన్ని దశాబ్దములు గడచిన పిమ్మట మాత్రము, గ్రంథాలయపు బీరువాలో హత్యానవలకు చోటీయవచ్చునా అను ప్రశ్న నిర్వాహకులకు పెద్ద చిక్కయి కూర్చున్నది.

ఈ ప్రక్రియకు ఆదిపురుషుడు అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో. అతని కథ 1841 నాటిది. 1868లో విల్కీ కాలిన్స్ 'మూన్‌స్టోన్' వచ్చినది. 1799లో శ్రీరంగపట్టణమును కొల్లగొట్టినపుడు ఒక ఆంగ్లాధికారి అపహరించిన వజ్రమే అందలి కథకు మూలము. డాయల్ రచించిన 'సైన్ ఆఫ్ ఫోర్' లోనిది ఆగ్రా నిధి. సొత్తు ఇచ్చటిది, హత్యలు అచ్చటివి! వేలిముద్రల శాస్త్రముసయితము కలకత్తాలో హెన్రీ దొర క్రింద అజీజుల్ హక్, హేమచంద్ర బోసుల కృషివలన స్థిరపడి, 1897లో అచ్చట కార్యాలయము వెలసిన తరువాతనే, 1901లో లండను పోలీసులకు అందినది.

విశాఖలో ఆంగ్లము చదువు వర్గము పెరిగిన కాలము వేరుగ వెదకనక్కరలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరు చేరెను. 1933లో ఓడరేవు తెరువబడెను. 1935లో లండనున పెంగ్విన్ సంస్థ ఆరు పెన్నీల వెలకు పది పుస్తకములను ప్రకటింపగా, వానిలో అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్‌ల పరిశోధక నవలలు రెండుండెను. అపరాధ నవలలకు ఆకుపచ్చని అట్ట ఆ సంస్థ గుర్తు. దొరల బంగళాలకే పరిమితమైన చదువు సామాన్య విద్యార్థి చేతికి దిగివచ్చుటకు ఇట్టి చౌక ప్రతులే మార్గము.

అట్టి పుస్తకమును తొలిసారి తెరచిన తెలుగు చదువరికి వింతలు అనేకము. పాదరీగారి ఇల్లు, మంచు, సాయంకాలపు తేనీటి విందు, గొంతు సవరించుకొని లోనికివచ్చు బట్లరు. అయినను అంతయు పరాయిది కాదు. హత్యకు హేతువు తరచుగ వీలునామాయే. వీలునామా తగవులు తెలుగువారు ఆంగ్ల నవలలు చూచి నేర్చుకొన్నవి కావు. పిఠాపురము జమీందారీ వ్యాజ్యము 1899లో ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. క్రిస్టీ మొదటి నవలలో, అనగా 1920లో వచ్చిన 'స్టైల్స్' నవలలో, విషము స్ట్రిక్నిన్. అది లభించునది ముషిణి గింజనుండి. తూర్పు కనుమల దాపున నివసించువారికి ముషిణిచెట్టును పరిచయము చేయనేల? మొదటి యుద్ధకాలమున ఆసుపత్రి మందులకొట్టులో పనిచేసిన ఆమెకు ఏ మందు ఏ మోతాదులో విషమగునో బాగుగ తెలియును.

తెలుగువారికి మర్యాదరామన్న ముందే కలడు. నలుగురు కలసి దాచిన సొమ్మును ఒక్కడు కాజేయగా, పూటకూళ్ళ పెద్దమ్మను అతడు కాపాడిన తీర్పు పిల్లలకును తెలియును. అయితే అచ్చట చదువరి చేయవలసినది రామన్న బుద్ధికి ఆశ్చర్యపడుటయే. ఆంగ్ల నవల ఆనవాళ్ళన్నిటిని చదువరి ముందుంచి, చేతనైనచో నీవే పట్టుకొనుమనును. ఏ ఆనవాలును దాచరాదని రోనల్డ్ నాక్స్ అను మతగురువు 1929లో పది నియమములే వ్రాసెను. 1926 నాటి 'రోజర్ ఆక్రాయిడ్' నవలలో క్రిస్టీ ఈ ధర్మము తప్పినదా లేదా అని పెద్ద వివాదము చెలరేగినది. ఆ గుట్టును ఇచ్చట విప్పుట చదువనివారికి ద్రోహము.

తెలుగున ఈ విద్యకు పేరు తెచ్చినవాడు కొమ్మూరి సాంబశివరావు. డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటి పేర్లయిరి. రచయితను ఆంధ్రా ఎడ్గార్ వాలెస్ అనిరి. 1925లో విశాఖలోనే జన్మించిన ఆరుద్ర, తెలుగు సాహిత్య చరిత్రను సమగ్రముగ వ్రాసినవాడు, డిటెక్టివ్ నవలలును వ్రాసెను. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగిన దశాబ్దమున మధుబాబు షాడో వచ్చెను. అది పరిశోధనకన్న సాహసమునకు దగ్గర.

పెద్దలకు ఇవి నచ్చలేదు. పురాణములు, ప్రబంధములు ఉండవలసిన చోట హత్యలేమనిరి. ఆ ఆక్షేపణ పూర్తిగ నిరాధారము కాదు. ముఖచిత్రము తప్ప మరేమియు లేని పుస్తకములును మెండుగ వచ్చినవి. కాని 1931లో రంగనాథన్ ప్రకటించిన పంచసూత్రములలో ప్రతి చదువరికిని అతని పుస్తకము దొరకవలెనన్నది ఒకటి. 1948 నాటి మదరాసు చట్టమువలనను, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమువలనను పన్ను చెల్లించు గ్రామస్థునకు కోరిన పుస్తకమునడుగు హక్కు మరింత బలపడినది. యుగంధర్ కొరకు వచ్చినవాడు చలమును, శ్రీపాదను పట్టుకొనిపోయిన సందర్భములు గ్రంథపాలకులకు కొత్తవి కావు.

మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. చదివి ముగించినవాడు రెండవ పుటలోనే పెన్సిలుతో హంతకుని పేరు వ్రాసి పుస్తకము తిరిగి ఇచ్చును. ఆ నేరస్థుని మాత్రము ఏ యుగంధరుడును పట్టుకొనలేదు.