సూరత్‌లో మానవ ధర్మసభ

వితంతు వివాహమనగానే తెలుగువారికి 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు జరిపించిన పెళ్లి గుర్తుకు వస్తుంది. అంతకు సుమారు నాలుగు దశాబ్దాల ముందే, విక్టోరియా రాణి సింహాసనమెక్కిన తొలి సంవత్సరాలలో, తపతీ తీరాన ఉన్న సూరత్‌లో ఈ ప్రశ్నను ఒక బడిపంతులు లేవనెత్తాడు. ఆయన దుర్గారాం మెహతాజీ (1809–1876).

1842లో దుర్గారాం, ఆయన మిత్రులు సూరత్‌కు శిలాముద్రణ యంత్రాన్ని తెప్పించారు. 1844 జూన్ 22న మానవ ధర్మసభ ఏర్పడింది. దుర్గారాంతో పాటు మరాఠీ వ్యాకరణకర్త దాదోబా పాండురంగ, దినమణిశంకర్, దల్‌పత్‌రాం, దామోదర్‌దాస్ దానికి మూలపురుషులు. ఐదుగురి పేర్లూ దకారంతోనే మొదలు కావడం ఊరిలో ఒక ముచ్చట అయింది. దేవుడొక్కడే, మానవజాతి ఒక్కటే, మనిషి ఘనత పుట్టుకలో కాక నడతలో ఉన్నదని సభ చాటింది. మంత్రగాళ్లను తమ శక్తి బహిరంగంగా నిరూపించమని సవాలు చేసింది. దయ్యాలకు జడిసే ఊరిలో ఇది చిన్న సాహసం కాదు.

అయితే భార్య గతించాక వితంతువును పెళ్లాడతానన్న దుర్గారాం, చివరకు స్వకులంలోని కన్యనే చేసుకున్నాడు. నేటి చదువరికి ఇది పిరికితనంగా తోచవచ్చు. కాని ఆనాడు వెలి అంటే బంతిభోజనం, పిల్లల సంబంధాలు, చావుకు మోసే నలుగురు, అన్నీ కరవు కావడమే. 1860లో ఇంగ్లండుకు ఓడ ఎక్కిన సూరత్ నాగర బ్రాహ్మణుడు మహీపత్‌రాం రూప్‌రాంను కులం వెలివేసింది. తిరిగి చేరడానికి ఆయన ప్రాయశ్చిత్తం చేసుకోక తప్పలేదు.

దాదోబా బొంబాయికి, దుర్గారాం 1852లో రాజకోటకు తరలిపోయాక సభ మాసిపోయింది. దాదోబా సోదరుడు ఆత్మారాం పాండురంగ 1867లో బొంబాయిలో ప్రార్థనా సమాజాన్ని స్థాపించాడు.

దుర్గారాం వెనుదీసిన చోట మరొక సూరత్ వాసి ముందుకు నడిచాడు. కవి నర్మద్ (1833–1886) 1860లో బొంబాయిలో వైష్ణవ గురువు జదునాథ్ మహారాజ్‌తో వితంతు వివాహంపై వాదించాడు. తరువాత తానే ఒక వితంతువును వివాహమాడాడు. విచిత్రమేమంటే, చివరి రోజులలో ఆయన సంస్కరణవాదం నుండి వెనుకకు మళ్లాడు.

సూరత్‌లోని విశ్వవిద్యాలయం నేడు నర్మద్ పేరు ధరించింది. దుర్గారాంకు మిగిలినది ఒక పుస్తకం: ఆయన స్వయంగా రాసి ఉంచిన దినచర్య ఆధారంగా, వెలి బాధ ఎరిగిన మహీపత్‌రామే 1879లో వెలువరించిన జీవితచరిత్ర.