మౌనం ఎవరి హక్కు? పదహారో శతాబ్దపు స్పెయిన్‌లో మనోప్రార్థన

పెదవి కదపకుండా దేవుడితో మాట్లాడటాన్ని క్రైస్తవ సంప్రదాయంలో మనోప్రార్థన అన్నారు. ఇది మఠాల్లో ప్రశాంతంగా సాగిన వ్యవహారమనీ, దీనికి అధికారంతో పనిలేదనీ ఒక అభిప్రాయం ఉంది. చరిత్ర ముందు ఈ అభిప్రాయం నిలవదని మేం భావిస్తున్నాం. తపస్సు చేసినందుకు శంబూకుడి తల తెగిన కథ విని పెరిగిన వాళ్లం. ఎవరు మౌనంగా కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు అన్న ప్రశ్న మనకు కొత్తదేం కాదు.

స్పెయిన్‌లో యూదుమతం వదిలి క్రైస్తవం తీసుకున్న కుటుంబాలను 1449లో తొలేదో నగర శాసనం పదవులకు దూరం పెట్టింది. 1547లో అక్కడి కథెడ్రల్ కూడా అదే దారి పట్టింది. బాప్తిస్మం తీసుకున్నా తాతల రక్తం వదల్లేదన్నమాట. దీనికి పెట్టిన పేరు రక్తశుద్ధి. వృత్తినీ అంటరానితనాన్నీ పుట్టుకకు బిగించిన మన కుల వ్యవస్థకు ఇది నకలు కాదు. అయితే ఇంగ్లీషు 'కాస్ట్'కి మూలమైన 'కాస్తా' అనే మాట ఆ ఐబీరియా గడ్డ మీదిదే. పోర్చుగీసువాళ్లు దాన్ని తెచ్చి మన సమాజానికి తగిలించారు.

ఆవిలా తెరెసా (1515-1582) అలాంటి కుటుంబంలోనే పుట్టింది. ఆమె తాత తొలేదోలో బట్టల వర్తకుడు. 1485లో మతవిచారణ సభ ఆయనకు అవమాన వస్త్రం తొడిగి ఏడు శుక్రవారాలు చర్చీల చుట్టూ నడిపించింది. ఆయన కొడుకులు 1519లో తాము కులీనులమని కోర్టుకెక్కారు. తెరెసా తన రాతల్లో ఎక్కడా ఈ పుట్టుక మాట ఎత్తలేదు. దావా కాగితాలు 1940లలో గానీ లోకానికి తెలియలేదు.

1559లో మతవిచారణాధిపతి వాల్దేస్ నిషేధ గ్రంథాల పట్టిక వేశాడు. లాటిన్ రాని జనం చదువుకునే స్పానిష్ ప్రార్థనా పుస్తకాలు చాలా అందులోకెక్కాయి. లూయిస్ దె గ్రనాదా రాసిన ప్రార్థన పుస్తకం వాటిలో ఒకటి. వడ్రంగుల పెళ్లాలకు ధ్యానం నేర్పడమేమిటన్నది వాల్దేస్ అభ్యంతరమని గ్రనాదాయే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. భయం ఎక్కడుందో ఈ ఒక్కమాట చెబుతుంది. గట్టిగా చదివే ప్రార్థనను గురువు వినగలడు, దిద్దగలడు. మనసులో జరిగేదాన్ని ఎవరు కాపలా కాస్తారు? ఇంట్లో చదువు మాతోనే మొదలైన వాళ్లం గనక, పుస్తకం లాక్కోవడమంటే ఏమిటో మాకు ఎవరూ వివరించక్కర్లేదు.

తెరెసా దీనికి 'పరిపూర్ణతా మార్గం'లో జవాబిచ్చింది. పరలోక ప్రార్థన చెప్పేటప్పుడు ఎవరితో మాట్లాడుతున్నామో తలచుకుంటే చాలు, అదే మనోప్రార్థన అంది. పరలోక ప్రార్థనను నిషేధించలేరు గదా! ఆడవాళ్ల పక్షాన ఆమె రాసిన ఒక భాగాన్ని మాత్రం పరీక్షకుడు కొట్టేశాడు. 1562లో స్థాపించిన మఠంలో ఆమె 'దోన్యా' లాంటి గౌరవ బిరుదులు తీసేసి, నూలు వడికే పని పెట్టింది.

అంతమాత్రాన ఆ మఠంలో అంతరాలు పోలేదు. చాకిరీకి తెల్లముసుగు సోదరీమణులు వేరే ఉండేవాళ్లు. గొర్రెలు కాసిన రైతుబిడ్డ ఆనా దె సాన్ బార్తొలొమే అలా చేరిన మనిషే. తెరెసా చేతిరాత చూసి రాయడం నేర్చుకుంది, ఆమె చివరి రోజుల్లో సేవ చేసింది, తర్వాత ఫ్రాన్స్‌లో మఠాధిపతి అయింది. తెరెసా పోయాక ఆమె సంస్థే రక్తశుద్ధి నియమం పెట్టుకుంది. స్థాపకురాలే ఆ గడప దాటలేని పరిస్థితి! 1970లో రోమ్ ఆమెను సభా పండితురాలిగా ప్రకటించింది.

మౌన ప్రార్థన చరిత్ర రాసేవాళ్లు అనుభవాల గురించి చాలా రాశారు. ఆ అనుభవానికి తీరిక ఎవరికి దొరికింది, అనుమతి ఎవరిచ్చారు, ఆ వేళ వంటింట్లో ఎవరున్నారు అన్నవి కూడా ఆ చరిత్రలో భాగమేనని మా వాదన.