కంఠమే గ్రంథమైన విద్య

ద్రాక్షారామము పంచారామములలో నొకటి. భీమేశ్వరాలయము వలననే గాక, సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా వలనను ఈ గ్రామము ప్రసిద్ధి గాంచినది. వేదపఠనమునకు పేరెన్నికగన్న కోనసీమలో నమాజు పిలుపు క్రొత్త గాదు. కాని ముస్లిముల విద్యాభ్యాస పద్ధతి నెరిగిన ఇరుగుపొరుగువారు తక్కువ. కావున హైదరాబాదు నందలి జామియా నిజామియా చరిత్రమును, ఖురాను కంఠస్థవిద్యా స్వరూపమును ఇట సంగ్రహింపబడుచున్నవి.

ఖురాను అను పదమునకే పఠనమని యర్థము. అందు 114 సూరాలు, అనగా అధ్యాయములు కలవు. పఠనసౌకర్యార్థము దానిని 30 పారాలుగ విభజించిరి. మహమ్మదు ప్రవక్త 632లో నిర్యాణము నొందెను. పిదప యమామా యుద్ధమున ఖురానును కంఠస్థము చేసినవారు పెక్కురు మడిసిరనియు, మనుష్యులతోడనే గ్రంథము నశించునను భీతిచే ఖలీఫా అబూబకరు ఆజ్ఞాపింపగా, జైదు బిన్ సాబితు వ్రాతలను, కంఠపాఠములను సరిచూచి యొక ప్రతిని సిద్ధపరచెననియు ముస్లిము చరిత్రకారులు వ్రాసిరి. అయినను వల్లెవేయుట మానలేదు. నాటి అరబ్బీ లిపిలో అక్షరములను వేరుపరచు చుక్కలు గాని, హ్రస్వాచ్చుల గురుతులు గాని పూర్తిగ నుండెడివి కావు. గురుముఖమున విననిదే పాఠము నిలువదు.

ఈ సంప్రదాయమునకు దక్కనులో ఆశ్రయముగ 1876లో హైదరాబాదున నిజామియా మదరసా వెలసినది. దాని స్థాపకుడు మౌలానా అన్వరుల్లా ఫారూఖీ. ఆయన 1848లో జన్మించెను. స్వయముగ హాఫిజు, అనగా ఖురాను నంతయు కంఠస్థము చేసినవాడు. ఆరవ, ఏడవ నిజాములకు గురువై, ఫజీలత్ జంగ్ బిరుదము నందెను. ప్రాచీన అరబ్బీ గ్రంథములను పరిష్కరించి ముద్రించుటకై 1888లో ఏర్పడిన దాయిరతుల్ మారిఫ్ సంస్థకును ఆయన స్థాపకులలో నొకడు. కంఠవిద్యను పోషించిన చేతులే ముద్రణాలయమును గూడ పోషించుట గ్రంథాలయాభిమానులు గమనింపదగినది. 1918లో ఆయన మరణింపగా విద్యాలయ ప్రాంగణముననే సమాధి చేసిరి. ఆ విద్యాలయమున నేటికిని కంఠస్థవిద్యాశాఖ నడచుచున్నది.

ఈ విద్య యందు బాలుడు మొదట కాయిదా పుస్తకమున అక్షరములు నేర్చును. పిదప చూచి చదువుట. దీనిని నాజిరా యందురు. ఆ పైని చూడక యప్పగించుట, ఇది హిఫ్జు. దినదినము క్రొత్త పాఠము నప్పగించుటయే గాక పాతపాఠమును తిరుగవేయవలెను. తిరుగవేయనిది నిలువదు. వేదాంగమగు శిక్ష వర్ణోచ్చారణమునకు నియమములు చెప్పినట్లే, తజ్వీదు అను శాస్త్రము ప్రతి యక్షరమునకును స్థానమును, దీర్ఘమునకు కొలతను నిర్ణయించును. మన ఘనపాఠులు పదములను ముందువెనుకలుగ త్రిప్పి పాఠమును కాచిరి. హాఫిజులు ఉన్న క్రమమును చెదరనీయక కాచిరి. రంజాను మాసమున రాత్రివేళ తరావీహు నమాజులో హాఫిజు ఖురానును వరుసగ పఠించును. తప్పు దొరలినచో వెనుక నిలిచిన హాఫిజు వెంటనే యందించును. అదియే ఆతనికి నిజమైన పరీక్ష.

అర్థ మెరుగని కంఠపాఠ మేల యను ప్రశ్న వేదమునకును, ఖురానునకును సమానమే. పాఠమును కాపాడుట యొక పని; అర్థమును పంచుట వేరొక పని. ఈ రెండవ పనిని తెలుగున 1925లో చేపట్టినవాడు చిలుకూరి నారాయణరావు పంతులు. ఆంధ్రభాషా చరిత్రకారుడగు ఆయన ఖురానును తెనిగించి పొరుగువాని గ్రంథమును మన వాకిట నిలిపెను.

కంఠము మూగవోయిననాడు గ్రంథము దిక్కు. గ్రంథము శిథిలమైననాడు కంఠము దిక్కు. ఒక యూర భీమేశ్వరుని ఘంటయు, దర్గాలోని ప్రార్థనయు వినవచ్చుచుండగా, ఒకరి చదువు నొకరెరుగకుండుట లోపము. ఆ లోపమును తీర్చుటకు గ్రంథాలయమున కంటె తగిన చోటు గ్రామమున వేరొకటి లేదు.