విమోచనము – ఆత్మకా, దేహమునకా?

క్రైస్తవ మతమున రక్షణనుగూర్చి చెప్పు మాటలలో 'విమోచనము' ముఖ్యమైనది. ఈ మాట తొలుత బానిసల సంతకు చెందినది. యుద్ధమున చెరపట్టబడిన వానిని గాని, బానిసగా అమ్ముడుపోయిన వానిని గాని విడిపించుటకు చెల్లించు సొమ్మునకు పూర్వము గ్రీకు భాషలో 'లూట్రోన్' అని పేరు. క్రీస్తు మరణము యొక్క ఫలమును వివరింపబూనిన సువార్తికులును, పౌలును ఆ మాటను, దానినుండి పుట్టిన మాటలను గైకొనిరి. తెలుగు బైబిలులో దీనిని 'విమోచన క్రయధనము' అనిరి. క్రయమనగా కొనుటయే గదా! మనుష్యుడు పాపమునకు బానిస. క్రీస్తు తన ప్రాణమును వెలగా నిచ్చి వానిని విడిపించెను. విశ్వసించిన వానికి ఈ విడుదల ఉచితముగా లభించును. ఇదియే ఆ సిద్ధాంతము యొక్క సారము.

ఇట్లు వెల చెల్లింపబడి విడుదలయైన మనుష్యుడు మఱియొక మనుష్యుని సొత్తుగా నుండవచ్చునా? ఈ ప్రశ్నను 1525వ సంవత్సరమున జర్మనీ దేశపు రైతులు బహిరంగముగా అడిగిరి. ఆ వృత్తాంతమును, వారికి దొరికిన సమాధానమును చదువరుల ముందుంచ దలచితిమి.

పదునాఱవ శతాబ్దారంభమున ఐరోపాలో పాపక్షమయే బేరమునకు వచ్చినది. పాపమునకై అనుభవింపవలసిన శిక్షను తగ్గించు పత్రములను మతాధికారులు సొమ్ము పుచ్చుకొని యిచ్చుచుండిరి. రోమునందలి సెయింటు పీటరు దేవాలయ నిర్మాణమునకని జర్మనీలో వసూలైన యా సొమ్ములో సగము, మెయిన్జు నగరపు ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు ఫుగ్గరులను షాహుకార్లకు పడిన ఋణమును తీర్చుటకు పోవుచుండెను. విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున వేదాధ్యాపకుడును సన్న్యాసియు నైన మార్టిన్ లూథరు (1483–1546) దీనిని సహింపలేక, 1517వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన 95 వాక్యములు వ్రాసి ఆ ఆర్చిబిషప్పునకే పంపెను. ఉపవాసములు, జాగరములు చేసి చేసి మనశ్శాంతి నెఱుగనివాడు లూథరు. నీతి మనము సంపాదించుకొనునది కాదనియు, విశ్వాసమునకు దేవుడు దానముగా నొసగునదనియు ఆయన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో గ్రహించెను. దానమును అమ్ముట యెవరి తరము? విశ్వాసమువలననే రక్షణ యను నొక్కమాటతో క్షమాపత్రముల వర్తకము తలక్రిందులైనది. 1520లో ఆయన 'క్రైస్తవుని స్వాతంత్ర్యము' అను గ్రంథమును ప్రకటించెను.

స్వాతంత్ర్యమను మాట పల్లెలకు పాకెను. దక్షిణ జర్మనీలోని స్వాబియా ప్రాంతపు రైతులలో ననేకులు భూస్వాములకు దాసులు. జర్మను భాషలో వారికి గల పేరునకు 'దేహముతో సొత్తైనవారు' అని యర్థము. పరుల గ్రామమున పిల్లను చేసికొనవలెనన్న ప్రభువు అనుమతి కావలెను. ఇంటి యజమాని మరణించినచో, ఆ యింటి పశువులలో మేలైనది ప్రభువునకు చెందును. స్త్రీ మరణించినచో ఆమె బట్టలలో మేలైనది చెందును. ఆ ప్రభువులలో గొప్ప మఠముల అధిపతులును గలరు. ఆదివారమున క్రీస్తు విమోచనమును ప్రకటించు మఠమే మఱునాడు విధవరాలి కొట్టమునుండి ఆవును తోలుకొని పోవుచుండెను.

1525వ సంవత్సరము మార్చి నెలలో మెమ్మింగెన్ నగరమున రైతుల ప్రతినిధులు సమావేశమై పండ్రెండు కోరికలను ప్రకటించిరి. వానిని వ్రాతలో పెట్టినవాడు సెబాస్టియన్ లోట్జరు, జంతుచర్మములతో ఉడుపులు కుట్టు పనివాడు, అని చరిత్రకారుల యభిప్రాయము. ఆ పత్రము ఆ యేడే ఇరువది పర్యాయములకు పైగా ముద్రితమయ్యెను. అందు మూడవ కోరిక మనకు ముఖ్యము. క్రీస్తు తన రక్తముతో గొఱ్ఱెల కాపరిని, మహారాజును భేదము లేక కొని విడిపించెను గావున తాము స్వతంత్రులమని వారు వాదించిరి. అధికారమే వలదని వారనలేదు. న్యాయమైన అధికారమునకు లోబడుదుమని చెప్పిరి. పదునొకండవ కోరికలో ఆ మరణపు పన్నును రద్దు చేయుమనిరి. కడపటి దానిలో, తమ కోరికలలో నేదైన వేదవిరుద్ధమని చూపినచో దానిని విడిచెదమని మాట యిచ్చిరి.

లూథరు ఏప్రిలులో సమాధానము వ్రాసెను. ఈ కల్లోలమునకు కారణము ప్రభువుల దురాశయే యని వారిని గట్టిగా మందలించెను. మూడవ కోరికను మాత్రము త్రోసివేసెను. అబ్రాహాము మొదలగు పితరులకు దాసులు లేరా? దాసుడును క్రైస్తవుడు కావచ్చును గదా? క్రైస్తవ స్వాతంత్ర్యమును దేహసంబంధముగా చేయుట తప్పని ఆయన వాదము. పౌలు పేరిట నున్న పత్రికలలో ఇరుపక్షములకును ఆధారములు గలవు. వెలపెట్టి కొనబడినవారు మనుష్యులకు దాసులు కావలదని యొకచోట నున్నది. దాసులు యజమానులకు లోబడవలెనని మఱియొకచోట నున్నది.

అంతలో కొన్ని తావుల రైతులు మఠములను, కోటలను దోచి తగులబెట్టిరి, రక్తపాతమును జరిగెను. మే నెలలో లూథరు, తిరుగుబాటుదారులను నిర్దయగా వధింపుడని ప్రభువులను ప్రేరేపించుచు నింకొక చిన్న పుస్తకము వ్రాసెను. మే 15వ తేదీన ఫ్రాంకెన్‌హౌజెన్ వద్ద వేలకొలది రైతులు ఫిరంగులకు, కత్తులకు బలియైరి. ఆ యుద్ధమంతటిలో మరణించినవారు 70,000 మొదలు 1,00,000 వఱకు నుందురని అంచనా. దాస్యము నిలిచెను. ప్రష్యాలో 1807లోను, మెమ్మింగెన్ నగరము చేరిన బవేరియాలో 1808లోను అది రద్దయ్యెను. అనగా, మూడవ కోరిక నెఱవేరుటకు 283 సంవత్సరములు పట్టినది.

లూథరును నిందించుట మా యుద్దేశము కాదు. క్షమకు వెలకట్టు వర్తకుని యెదుట ఒక్కడై నిలిచిన ధైర్యము సామాన్యమైనది కాదు. సువార్త పేరు పెట్టుకొని కత్తి పట్టుటకు ఆయన భయపడుటకును కారణము లేకపోలేదు. ఐనను, ఉచితముగా వచ్చిన రక్షణను అమ్మరాదని చెప్పిన నోటితోనే, ఆ రక్షణను పొందిన మనుష్యుని అమ్మరాదని ఆయన చెప్పలేకపోయెను. ఆ రెండవ మాటను ఉడుపులు కుట్టువాడును, పేరు తెలియని కాపులును చెప్పిరి. మతసిద్ధాంతమును దాని కర్తలకంటె దాని నక్కఱగా విన్న దీనులు లోతుగా గ్రహించుట చరిత్రలో గలదు. ఏ మతమువారైనను తాము బోధించు విమోచనము వినువాని గుమ్మమువఱకు పోయినదా, గుడిలోనే నిలిచిపోయినదా యని తమ్ము తాము ప్రశ్నించుకొనుట మంచిది.