ప్రతిభ – ఉన్మాదం: సంగీత డాక్యుమెంటరీలలో కళాకారుల చిత్రణ

ప్రతిభకూ ఉన్మాదానికీ అంతస్సంబంధం ఉన్నదన్న భావన పాశ్చాత్య సంస్కృతిలో అతి ప్రాచీనమైనది. 1864లో ఇటలీ వైద్యుడు చెజారే లొంబ్రోజో దానికి శాస్త్రరూపం కల్పించే యత్నం చేశాడు. ఆయన వాదం శాస్త్రంగా నిలవలేదు గాని, భావన మాత్రం జనబాహుళ్యంలో నిలిచింది. ఇటీవలి దశాబ్దాలలో సంగీత డాక్యుమెంటరీ దానికి కొత్త ఆశ్రయమైంది.

జెఫ్ ఫ్యూయర్‌జీగ్ రూపొందించిన ‘ది డెవిల్ అండ్ డేనియల్ జాన్‌స్టన్’ 2005లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో దర్శకత్వ పురస్కారం పొందింది. జాన్‌స్టన్ ఇంట్లోనే రికార్డు చేసిన క్యాసెట్లను అమెరికాలోని ఆస్టిన్ నగరంలో స్వయంగా పంచి గుర్తింపు పొందిన గాయకుడు. 1990లో తండ్రి నడుపుతున్న చిన్న విమానపు తాళంచెవిని అతడు బయటికి విసిరివేయగా విమానం కూలింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఇటువంటి ఘటనలు తెరపై సహజంగానే ప్రముఖమవుతాయి. పాట వెనుక ఉన్న నిత్యసాధన, చికిత్సలోని మందగమనం దృశ్యానికి అంత సులభంగా లొంగవు. అయినా, వృద్ధులైన తల్లిదండ్రుల సంరక్షణా భారాన్ని చూపడం వల్ల ఈ చిత్రం ఉన్మాద వైభవీకరణ నుండి కొంతమేరకు తప్పించుకొన్నది.

లిజ్ గార్బస్ చిత్రం ‘వాట్ హాపెన్డ్, మిస్ సిమోన్?’ (2015) మరింత జటిలమైన సమస్యను ముందుంచుతుంది. 1963 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చర్చిలో జరిగిన బాంబుదాడికి నలుగురు నల్లజాతి బాలికలు బలయ్యారు. నీనా సిమోన్ ఆగ్రహం పాటగా వెలువడింది ఆ నేపథ్యంలోనే. ఆమెకు బైపోలార్ వ్యాధి ఉన్నట్లు వైద్యులు నిర్ధారించింది 1980లలో. తరువాతి నిర్ధారణ వెలుగులో పూర్వజీవితాన్ని చదివితే, జాతివివక్షపై వెలువడిన న్యాయమైన ఆగ్రహం సైతం రోగలక్షణంగా కనిపించే ప్రమాదం ఉన్నది. వ్యాధిని పూర్తిగా విస్మరిస్తే ఆమె అనుభవించిన బాధకు అన్యాయం జరుగుతుంది. రెండింటినీ వేర్వేరుగా నిలిపి చూడడమే చరిత్రకారుని బాధ్యత.

ఎడిటింగ్‌లో రెండు దృశ్యాలు పక్కపక్కన చేరితే చాలు, వాటి మధ్య కార్యకారణ సంబంధం స్ఫురిస్తుంది; ఆధారం మాత్రం వేరుగా వెతకవలసి ఉంటుంది. సిమోన్ 2003లోనే మరణించింది. చిత్రానికి జవాబు చెప్పే అవకాశం ఆమెకు లేదు. ఆమె కుమార్తె ఆ చిత్ర కార్యనిర్వాహక నిర్మాతలలో ఒకరు. కనుక డాక్యుమెంటరీని చారిత్రకాధారంగా స్వీకరించేటప్పుడు వ్యాధినిర్ధారణ ఎప్పుడు జరిగింది, మాట్లాడుతున్నది ఎవరు, పాత రికార్డింగులను ఎంపిక చేసినది ఎవరు అన్న ప్రశ్నలు అనివార్యం. వీటిని విస్మరించిన అధ్యయనం కళాకారుని శ్రమను వ్యాధి ఖాతాలో జమచేస్తుంది.