తన గడ్డము తాను గీచుకొనుట

“చాకలి కొత్త, మంగలి పాత” అని తెలుగువారి సామెత. కొత్తగా కుదిరిన చాకలి మెప్పు కొరకైనను బట్టలు తెల్లగా నుదుకును. గడ్డము గీయువాడు మాత్రము చేయి తిరిగినవాడే కావలెను. సరిగా నుదుకని బట్టను మరల నుదుకవచ్చును గాని, కొత్త చేతిలోని కత్తి చెంపపై చేసిన తప్పును దిద్దుటకు వీలులేదు. బాగుగనే యున్నది. కాని పాతవాడును ఒకనాడు కొత్తవాడే కదా! అతడెవరి గడ్డముపై నేర్చుకొనెను? వృత్తిలో పుట్టిన బాలునకు తండ్రి గలడు. తండ్రి ప్రక్కన గూర్చుండి నీళ్లగిన్నె నందించుచు, కత్తి నూరుచు, చూచి చూచి చేయి కుదుర్చుకొనును. ఆ వృత్తిలో పుట్టక, తన గడ్డమునకు తానే క్షురకుడు కావలసినవాని సంగతి వేరు. బెంగాలు దేశమునందలి ఖరగ్‌పూరు రైల్వే పట్టణమునకు తరలిపోయిన తెలుగు కార్మికునకు ఆ యవసరము కలిగినది.

పల్లెలో ఉన్నన్నాళ్లు అట్టి యవసరము లేదు. శ్రీకాకుళ, విజయనగర, విశాఖ ప్రాంతముల గ్రామములలో నాయీబ్రాహ్మణులకు ఇంటింటికిని వాడుక యుండెడిది. పంట నూర్చినపుడు రైతు కళ్లములోనే వారి మేర కొలిచి యిచ్చెడివాడు. దానికి మారుగా సంవత్సరము పొడవునను తలపని, గడ్డము, గోళ్లు, బిడ్డ పుట్టువెండ్రుకలు తీయుట, పెండ్లిలో సన్నాయి, డోలు, చావునాటి క్షౌరము, పుండ్లకు, కురుపులకు చిల్లరవైద్యము. పొదిలో కత్తులు, కత్తెర, గోరుగల్లు, సానరాయి, చేయద్దము ఉండును. చెట్టునీడయే శాల. మంగళ, శుక్రవారములలో క్షౌరము కూడదన్న నియమమును ఇద్దరును పాటింతురు. గడ్డము గీయించుకొనువాడు డబ్బు సంగతి తలపెట్టడు, గీయువాడు అడుగడు.

ఈ మేర సంబంధము రైలెక్కి రాలేదు. బెంగాలు–నాగపూరు రైల్వే కంపెనీ 19వ శతాబ్ది తుదిని ఖరగ్‌పూరును కూడలిగా నేర్పరచినది. 1900లో రూపనారాయణ నదిపై వంతెన తెరువబడి హౌరాకు దారి కలిసినది. పిదప తూర్పుతీర మార్గపు ఉత్తరభాగము ఆ కంపెనీ చేతికి వచ్చుటతో, బరంపురము మొదలు విజయనగరము వరకు గల పల్లెలవారికి ఖరగ్‌పూరు టిక్కెట్టు కొని చేరదగిన చోటాయెను. అచ్చట వర్క్‌షాపు, లోకోషెడ్డు, యార్డు, నెలకొక మారు జీతము, ప్రొద్దున్నే కూత. కళ్లము లేదు, కుప్ప లేదు, కొలిచి యిచ్చుటకు ధాన్యమును లేదు. బజారులోని క్షురకునకు గీసిన ప్రతిమారును నగదు చెల్లింపవలెను. పల్లె క్షురకుడు పంట వచ్చు వరకు వేచియుండును, బజారువాడు వేచియుండునా? 1927లో ఖరగ్‌పూరు వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగి జీతములు లేక గడపిన దినములలో ఈ భేదము ఎంతమందికి తెలిసివచ్చినదో ఊహింపవచ్చును.

కావున కొందరు కత్తి కొనుక్కొనిరి. అది పిడిలోనికి మడచుకొనునట్టి క్షురకత్తి. దానిని నేర్చుకొనుట కష్టమందురు గాని, కష్టమంతయు చేతిలో లేదు. సగము కత్తిపదునులోనే యున్నది. మొద్దు కత్తిని పట్టుకొని తన చేతిని నిందించుకొనుట క్రొత్తవాని మొదటి పొరపాటు. మొద్దు కత్తి తెగదు గనుక అదుముట రెండవది. అదిమిన కత్తి వెండ్రుకను విడిచి చర్మమును కోయును.

క్షురకత్తి వెన్ను ఊరక లావుగా చేయబడలేదు. సానరాతిపై వెన్నును, అంచును రెండింటిని ఒక్కమారుగా ఆనించి జరిపినచో నూరవలసిన కోణము దానంతటదే కుదురును. టర్నరుకు, ఫిట్టరుకు ఈ లెక్క ఎవరును చెప్పవలసిన పని లేదు. అయితే వర్క్‌షాపు మనిషికొక ప్రమాదము కలదు: గిర్రున తిరుగు సానచక్రమునకు కత్తినందించినచో సన్నని అంచు క్షణములో వేడెక్కి దాని నీరు పోవును. నీరు పోయిన కత్తి ఎంత నూరినను పదును నిలుపదు. సాన అప్పుడప్పుడే, తోలుపట్టీ మాత్రము ప్రతి దినమును. పట్టీపై కత్తిని వెన్ను ముందుగా, అంచు వెనుకగా లాగవలెను. చివరకు వచ్చినపుడు వెన్నుపైననే దొర్లించి త్రిప్పవలెను. క్రొత్తవాడు అంచుపై త్రిప్పును, తోలు తెగును. తొలి మాసమున గడ్డముకన్న పట్టీకే గాయములెక్కువ.

ఇక ముఖము. వేడినీటితో గడ్డమును నాననిచ్చి, సబ్బు నురుగు బాగుగా పట్టింపవలెను. తడిసిన వెండ్రుక మెత్తబడును. ఎండు వెండ్రుక కత్తికి ఎదురు తిరుగును. ఎడమచేతితో చర్మమును బిగలాగి, కత్తిని ముప్పది డిగ్రీల వంపున నుంచి, వెండ్రుక పెరిగిన దారినే చిన్న చిన్న లాగులుగా దించవలెను. కోణము హెచ్చినచో కోత. తగ్గినచో వెండ్రుక తెగక పీకబడును. అంచు వెంబడి అడ్డముగా జారనిచ్చుట మహాపరాధము. కూరగాయ తెగునది అట్లే. మొదటి దినములలో చెంపలు మాత్రము గీచుకొని మానుట వివేకము. గడ్డపు మొన, పైపెదవి, కంఠమణి తరువాతి పాఠములు. ఎడమచెంపకు కుడిచేయి ముఖమునకు అడ్డువచ్చును; అద్దములోని చేయి కుడియెడమలై మోసగించును. చిన్న గాటు పడినచో పటిక రాచుకొందురు. పని ముగిసిన పిదప తడి తుడువక కత్తిని మడచినచో, మేదినీపురపు వానకాలములో రెండు దినములకే తుప్పు కనబడును. కొబ్బరినూనె చుక్క దానికి మందు.

ఈ విద్యకొక గ్రంథమును కలదు. ఫ్రాన్సు దేశమున ఝాఁ ఝాక్ పెర్రే యను కత్తులపనివాడు తన గడ్డము తాను గీచుకొనుట యెట్లో నేర్పుచు 1769–70 ప్రాంతమున పుస్తకమే ప్రకటించెను. క్రొత్తవారి భయమును తీర్చుటకు కత్తికి కొయ్యతొడుగు నమర్చి, అంచు ఇసుమంతయే పైకి కనబడునట్లు చేసెను. వడ్రంగి చిత్రికను జూచి అతనికా యూహ తట్టినదని చెప్పుదురు.

ఉక్కు విషయమున తెలుగువారికి పాత సంబంధము కలదు. 19వ శతాబ్ది ఆరంభమున లండనులోని స్ట్రాండు వీధిలో జేమ్సు స్టొడార్టు అను కత్తుల వర్తకుడు హిందూదేశపు “ఊట్జు” ఉక్కుతో శస్త్రవైద్యుల పనిముట్లను, క్షురకత్తులను చేయుదుననియు, ఐరోపా ఉక్కులన్నింటికన్న దీనినే మేలుగా నెంచుదుననియు తన వ్యాపారపత్రముపై అచ్చువేయించెను. అతనితో కూడి మైకేల్ ఫారడే ఉక్కు మిశ్రమములపై చేసిన పరిశోధనలు 1820, 1822లలో వెలువడినవి. ఊట్జు అనునది దక్షిణదేశపు “ఉక్కు” మాటకే వక్రరూపమని పండితుల మతము. తెలంగాణమున నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో ఆ ఉక్కును మూసలలో కరగించు తీరును వాయ్సీ యను భూగర్భశాస్త్రజ్ఞుడు వర్ణింపగా, ఆ వ్యాసము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. పారసీక దేశపు ఇస్ఫహాను నుండి వర్తకులు అచ్చటికి వచ్చెడివారు. ఈ వ్యాపారమంతయు తరువాత క్షీణించినది. రైళ్ల కాలము నాటికి పేరున్న క్షురకత్తులు ఇంగ్లండులోని షెఫీల్డునుండియు, జర్మనీలోని జోలింగెన్‌నుండియు రాజొచ్చినవి.

ఇంతవరకు చెప్పినది కత్తి సంగతి, చేతి సంగతి. కత్తి ఎదుట ఎవరు కూర్చుండవచ్చునన్న ప్రశ్న ఇంకను మిగిలియున్నది. గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో నొక యుదంతమును వ్రాసికొనెను. ప్రిటోరియా నగరమున ఒక ఆంగ్ల క్షురకుడు ఆయన తల ముట్టుటకు నిరాకరించెను. ఆయన కత్తెర కొని అద్దము ముందర తానే జుట్టు కత్తిరించుకొనెను. ముందుభాగము ఒకమాదిరిగా కుదిరినది, వెనుకభాగము చెడినది. కోర్టులో మిత్రులు నవ్వి, ఎలుకలు కొరికినవా యని యడిగిరి. గడ్డము గీచుకొనుట మాత్రము ఇంగ్లండు వెళ్లినవారందరును నేర్చుకొని వత్తురని ఆయన యచ్చటనే చెప్పినాడు. ఆ ఘట్టములో గమనింపదగినది నవ్వులాట కాదు. ఆ క్షురకుని తప్పు లేదనియు, నల్లవారిని ముట్టినచో అతనికి తెల్లవారి బేరము పోవుననియు, మన దేశములో మన క్షురకులను అంటరానివారనబడు మన సోదరులకు సేవ చేయనిత్తుమా యనియు ఆయన తలపోసెను.

తెలుగు పల్లెలలో నాయీబ్రాహ్మణుని కత్తి మాల మాదిగల వాడలకు పోయెడిది కాదు. అతడు పోదలచినను మేర కొలుచు పెద్దరైతులు పోనిత్తురా? ఊరంతటికి సేవకుడనిపించుకొన్న వానికి తన కత్తిమీద తనకే హక్కు లేదు. రైల్వే పట్టణములో జీతపుదినమున అన్ని కులములవారి చేతను అదే రూపాయి యుండెను. పల్లెలో క్షురకుని యెదుట ఎన్నడును కూర్చుండనివాడు అచ్చట స్వంత కత్తి కొని నేర్చుకొన్నచో, అది కేవలము పైసల పొదుపు కొరకే యనుకొనరాదు. ఎవరిని అడుగవలసిన పని లేకుండ నున్నగా గీచుకొన్న ముఖముతో పనిలోనికి పోవుట యనునది చిన్న విషయము కాదు. చట్టము తరువాత వచ్చినది. 1950లో అమలైన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము “దుకాణము” అను మాటకు అర్థము చెప్పుచు చాకిరేవు దుకాణమును, క్షౌరశాలను పేరుపెట్టి చేర్చినది. చట్టసభ క్షౌరశాలను ప్రత్యేకముగా పేర్కొనవలసి వచ్చినదన్నచో దేశమున నాటి స్థితి యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

క్షురకత్తి పాఠములకు స్వస్తి చెప్పించినది అమెరికావాడు. కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో పేటెంటు పొందిన రేజరులో పలుచని బ్లేడు బిగించి, మొద్దుబారగానే పారవైచుటయే. సాన లేదు, పట్టీ లేదు, కోణపు చింత లేదు. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైనికులకు సుమారు 35 లక్షల జిలెట్ రేజరులు చేరినవి. యుద్ధము ముగిసి యిండ్లకు వచ్చినవారు ఆ యలవాటును వెంట తెచ్చిరి. క్రమముగా ఆ బ్లేడు మన దేశపు సందుకొట్లకును వచ్చి, క్రొత్తవాడు నేర్చుకొనవలసిన దానిని మూడువంతులు తగ్గించినది.

అయినను క్షౌరశాలలలో పాతకత్తి చాలకాలము నిలిచెను. 1986లో మన దేశమున హెచ్.ఐ.వి. కనుగొనబడిన పిదప, ఒకే కత్తి పలువురి చెంపలపై నడచుట ప్రమాదమను ప్రచారము ఊరూర సాగినది. బ్లేడును నడిమికి విరిచి సగము బిగించు పిడి వచ్చినది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క. చూచుటకది పాత కత్తి వలెనే యుండును. పట్టు అదే, వంపు అదే. నూరుట మాత్రము పోయినది. పొదిలోని సానరాయికిని, గోడకు వ్రేలాడు తోలుపట్టీకిని పని లేకపోయెను. ఇప్పటి శిక్షణాలయములలో శిష్యునకు తొలిపాఠము ఊదిన బుడగపై చెప్పుదురు. దానికి నురుగు పూసి కత్తితో గీయమందురు. చేయి తప్పినచో బుడగ పగులును, నురుగు శిష్యుని ముఖముపైననే పడును.